టూ ఫాస్ట్ టూ ఫ్యూరియస్: రేసులు బాగున్నాయి, ఎదురు డ్రైవరే లేడు. మీరేమంటారు?

నెల్లూరు_నైట్రో (షోలింగనల్లూరు)

ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సిరీస్‌లో రెండో భాగం మాట రాగానే చాలామంది "దాన్ని వదిలెయ్ బాసూ" అంటారు. మొదటి భాగం హీరో విన్ డీజిల్ లేడు, కథ లేదు, రంగులు ఎక్కువ. అంతే తీర్పు. నాకది సగం న్యాయమే అనిపిస్తుంది. 2003 జూన్‌లో వచ్చిన ఈ సినిమాలో రేసులు కళ్ళకి కనిపించేలా తీశారు. ఎవరు ముందున్నారు, ఎవరు వెనకబడ్డారు, మలుపు ఎటు తిరుగుతుంది, అన్నీ తెలుస్తాయి. ఈ సిరీస్‌లోనే తర్వాత వచ్చిన ట్యాంకులూ విమానాలూ చూశాక, ఇలాంటి అచ్చమైన వీధి రేసు మళ్ళీ దొరకలేదే అని కూడా అనిపిస్తుంది.

మరి ఎక్కడ దెబ్బతింది? 2001 నాటి మొదటి భాగంలో బ్రయన్ (పాల్ వాకర్) మారువేషంలో ఉన్న పోలీసు. ఎవరింట్లో తింటున్నాడో వాళ్ళనే పట్టించాలి. ఆ ఇంటి ఆడపిల్ల మీదే మనసు పడ్డాడు. ఆ ఇంటి పెద్ద డొమినిక్ (విన్ డీజిల్) పక్కన కారు ఆపి నిలబడ్డ ప్రతిసారీ, రేసు ఎవరు గెలుస్తారన్న దానికంటే వీడి గుట్టు ఎప్పుడు బయటపడుతుందన్న టెన్షనే ఎక్కువ. రెండో భాగంలో బ్రయన్‌కి ఉద్యోగం లేదు. మయామీలో రేసుల మీద బతుకుతున్నాడు. పోలీసులు పట్టుకుని ఒక బేరం పెడతారు: కార్టర్ వెరోన్ అనే డ్రగ్స్ పెద్దమనిషి దగ్గర డ్రైవరుగా చేరి అతన్ని పట్టిస్తే కేసులు కొట్టేస్తాం. బ్రయన్ తోడుగా చిన్ననాటి స్నేహితుడు రోమన్‌ని తెచ్చుకుంటాడు. తను జైలుకి పోవడానికి బ్రయనే కారణమని రోమన్‌కి మంట. ఇద్దరూ మట్టిలో పొర్లి కొట్టుకుంటారు. ఆ తర్వాత ఆ మంట మాటల్లో ఉంటుంది గానీ కథలో ఉండదు. ఒక్కసారైనా రోమన్ వీడిని ముంచేస్తాడేమో అని మనకి అనుమానం రాదు.

దానికంటే పెద్ద లోపం ఇంకోటుంది. వెరోన్ స్టీరింగ్ పట్టుకోడు. బంగళాలో కూర్చుంటాడు, క్లబ్బులో కూర్చుంటాడు, చివరికి పడవలో కూర్చుంటాడు. రేసు సినిమాలో విలన్ కారు నడపకపోతే క్లైమాక్స్‌లో హీరో ఎవరిని దాటాలి? దాటడానికి ఎవడూ లేడు కాబట్టే కారుని పడవ మీదకి దూకించారని నా అభిప్రాయం.

మంచీ చెడూ రెండూ రాయండి. "బోర్" అని ఒక్క మాట రాసి వెళ్ళిపోవద్దు దయచేసి.

ఓఎంఆర్_ఓపిక

ఎదురు డ్రైవరు కావాలంటే మా తిరువాన్మియూరు షేర్ ఆటో అన్నని పంపిస్తా. బ్రయన్, రోమన్ ఇద్దరూ ఎడమపక్కకి జరిగి దారిస్తారు.

మిక్సింగ్_రూమ్ (వడపళని)

నైట్రో బ్రో, మొదటి రేసు గురించి ఇంకొంచెం రాయాల్సింది. ఆ పది నిమిషాలే ఈ సినిమాకి ప్రాణం. నాలుగు కార్లు. బ్రయన్ స్కైలైన్, సూకీ గులాబీ రంగు హోండా ఎస్2000, ఇంకొకడి టొయోటా సుప్రా, మరొకడి మాజ్డా ఆర్‌ఎక్స్-7. నాలుగో మనిషి లేడని బ్రయన్‌కి ఫోన్ చేసి పిలవడం, అతను వచ్చి లైన్లో నిలబడటం, జనం పక్కకి జరగడం. పాత్ర పరిచయానికి ఒక్క డైలాగూ అక్కర్లేకుండా అయిపోయింది.

ఆ రేసు చివర్లో ఒక వంతెన వస్తుంది, అదెలాంటిదో తెలియనివాళ్ళ కోసం: మన పాత పాంబన్ రైలు వంతెనలాగా పడవలు వచ్చినప్పుడు మధ్యలో రెండు రెక్కలుగా లేచేది. రేసు పెట్టినవాడు ఆఖరి నిమిషంలో దాన్ని పైకి లేపిస్తాడు. అప్పటిదాకా ఎవరు ముందు అన్న లెక్క. అక్కడి నుంచి ఎవరికి ధైర్యం ఉంది అన్న లెక్క. ఒకడు బ్రేకు వేస్తాడు, ఒకడు దూకి బోర్డుని గుద్దుతాడు, బ్రయన్ దాటుతాడు. నలుగురి స్వభావమూ అక్కడే తేలిపోయింది.

ఇక నా సౌండ్ పని గురించి చెప్పుకోకపోతే నిద్ర పట్టదు. ఆ నాలుగు కార్ల ఇంజన్లూ నాలుగు రకాలు. ఎస్2000ది నాలుగు సిలిండర్ల రెండు లీటర్ల ఇంజను, తొలి మోడళ్ళు నిమిషానికి 9000 చుట్లదాకా పోతాయి. పైకి వెళ్ళేకొద్దీ సన్నగా కీచుమంటుంది. ఆర్‌ఎక్స్-7లో పిస్టన్లే ఉండవు, రోటరీ. దాని చప్పుడు వేరే లోకం. స్కైలైన్, సుప్రా రెండూ వరసలో ఆరు సిలిండర్లు, టర్బోలు. కళ్ళు మూసుకుని విన్నా ఏది ఎక్కడుందో చెప్పగలిగేంత తేడా ఉండాలి. సినిమాలో బయటి షాట్లలో ఆ తేడా కాస్త తెలుస్తుంది. కెమెరా కారు లోపలికి వెళ్ళగానే నా చెవికి అన్నీ ఒకే అరుపు. గేరు మార్చిన ప్రతిసారీ అదే దెబ్బ, అదే ఊపు. చేతిలో ఇంత మంచి సరుకు పెట్టుకుని వాడుకోలేదు.

పుదుపేట_పానా

నైట్రో అన్నా, మీ పేరు చూసి వచ్చాను. ముందు ఆ నైట్రస్ సంగతి తేల్చేద్దాం. సినిమాలో బటన్ నొక్కగానే రోడ్డు పక్క దీపాలన్నీ గీతలైపోయి కారు రాకెట్ అవుతుంది. అసలు జరిగేది అంత మాయ కాదు. నైట్రస్ ఆక్సైడ్ తనంతట తాను మండదు. ఇంజన్ వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. ఆక్సిజన్ ఎక్కువైంది కాబట్టి పెట్రోలు కూడా ఎక్కువ పోసి కాల్చొచ్చు. గ్యాసు సిలిండర్ నుంచి బయటికి వచ్చేటప్పుడు చల్లగా వస్తుంది, దానివల్ల లోపలికి పోయే గాలి కూడా చల్లబడి చిక్కనవుతుంది. అంతే. పెట్రోలు సరిపడా పోయలేదనుకోండి, పిస్టన్ కరిగిపోతుంది. పళ్ళ డాక్టరు ఇచ్చే మత్తు గ్యాసు కూడా ఇదే.

ఇక వంతెన దూకుడు. అంత ఎత్తునుంచి పడితే ముందు సస్పెన్షన్ పోతుంది, తర్వాత ఇంజన్ కింద ఆయిల్ ఉండే సంప్ పగిలి ఆయిలంతా రోడ్డు మీద. బ్రయన్ అలా దిగి నవ్వుకుంటూ గీత దాటాడు. సినిమా కాబట్టి వదిలేశాను. కానీ ఒక మెచ్చుకోలు: ఆ తర్వాత పోలీసులు వచ్చి కారు మీదకి ఒక కొక్కెంలాంటిది కాల్చి కరెంటు వ్యవస్థ మొత్తం చంపేస్తారు. అంత బడాయి పోయిన స్కైలైన్ చచ్చిన బండిలా ఆగిపోతుంది. ఆ పరికరం కల్పితమే. కానీ ఎంత పెద్ద ఇంజనైనా ఒక్క కనెక్షన్ పోతే రోడ్డు పక్కనే అని మా పుదుపేట పాత స్పేర్ల షాపులో రోజూ చూసేదే.

ఇంకో మాట. ఆ స్కైలైన్‌కి స్టీరింగ్ కుడిపక్క. అమెరికావాళ్ళు థియేటర్లో అది చూసి జపాన్ నుంచి దిగిన అపురూపమైన సరుకు అనుకున్నారు. మనకి అదొక విశేషమే కాదు.

ఎవో_అక్క (ఒరగడం)

పానా గారు స్కైలైన్ గురించే రాశారు, పోలీసులు ఇచ్చిన రెండు కార్లనీ మర్చిపోయారు. బ్రయన్‌కి లాన్సర్ ఎవల్యూషన్ (ఎవో), రోమన్‌కి ఊదారంగు టాప్‌లెస్ ఎక్లిప్స్. రెండూ మిత్సుబిషీలే. లాన్సర్ పేరు వినగానే మా చెన్నైవాళ్ళకి వేరే గుర్తు. హిందుస్తాన్ మోటార్స్ 1998 నుంచి లాన్సర్‌ని తిరువళ్ళూరు ప్లాంటులోనే తయారుచేసింది. అది మామూలు లాన్సర్, సినిమాలో ఉన్నది దాని రేసుల అన్నయ్య. 2003లో మా బంధువుల అబ్బాయి తన తెల్ల లాన్సర్‌కి వెనకాల రెక్క బిగించి, కింద నీలం ట్యూబులైటు పెట్టి అడయారంతా తిప్పాడు. స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఆ ట్యూబు పగిలింది.

ఇప్పుడు నా ఫిర్యాదు. నైట్రో గారు ఎదురు డ్రైవరు లేడన్నారు. ఒప్పుకుంటాను. కానీ టెన్షన్‌కి ఇంకో దారి కథలోనే ఉంది. మోనికా. కస్టమ్స్ తరఫున వెరోన్ పక్కన మారువేషంలో ఉన్న మనిషి. ఏడాదిగా అతనితోనే ఉంటోంది. ఈమె ఇంకా మనవైపే ఉందా, అటు జారిపోయిందా అని రోమన్‌కి అనుమానం, బ్రయన్‌కి ఆమె మీద మనసు. మొదటి భాగంలో బ్రయన్ ఎక్కడ ఇరుక్కున్నాడో ఈ సినిమాలో మోనికా అక్కడే ఇరుక్కుంది! ఆ సంగతి దర్శకుడికి తట్టినట్టే లేదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "నేనూ ఒకప్పుడు ఇలాగే..." అని బ్రయన్ చేత రెండు నిమిషాలు మాట్లాడించినా సినిమా స్థాయి మారిపోయేది. బదులుగా ఏం చేశారు? బ్రయన్ రోడ్డు చూడకుండా ఆమె వైపే చూస్తూ కారు నడపడం. సరదాగానే ఉంది, కాదనను. సరదా దగ్గరే ఆగిపోయింది.

సూకీది ఇంకో కథ. మొదటి రేసులో మగవాళ్ళతో సమానంగా తొక్కింది. ఆ తర్వాత ఆమెకి మళ్ళీ రేసే లేదు.

కోడంబాక్కం_క్లాప్

దర్శకుడి మాట వచ్చింది కాబట్టి చెప్తాను. జాన్ సింగిల్టన్ మామూలు మనిషి కాదు. 1991లో తీసిన తొలి సినిమాకే ఆస్కార్‌లో ఉత్తమ దర్శకుడి నామినేషన్ వచ్చింది. అప్పటికి వయసు 24. ఆ విభాగంలో నామినేషన్ అందుకున్న మొదటి నల్లజాతి దర్శకుడు, అందరికంటే చిన్నవాడు కూడా. లాస్ ఏంజెలిస్ పేటల్లో కుర్రాళ్ళ బతుకు తీసినవాడికి స్టూడియో ఈ సీక్వెల్ అప్పగించింది. మొదటి భాగం దర్శకుడు రాబ్ కోహెన్ దీనికి లేడు.

సింగిల్టన్ చెయ్యి ఎక్కడ కనిపిస్తుందంటే ఇద్దరు కుర్రాళ్ళు పక్కపక్కన ఉన్నప్పుడు. రోమన్‌గా వేసిన టైరీస్‌తో 2001లో ఒక సినిమా చేసి ఉన్నాడు, అతని దగ్గర ఏం రాబట్టాలో తెలుసు. రోమన్ నోరు ఆగదు. భయం వేసినా వాగుతాడు, కోపం వచ్చినా వాగుతాడు. పాల్ వాకర్ అతని పక్కన కాస్త వదులుగా, నవ్వుతూ కనిపిస్తాడు. మొదటి భాగంలో డీజిల్ ముందు బిగుసుకుపోయి ఉండేవాడు. ఇక్కడ ఇద్దరు పాత స్నేహితులు ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకోవడం నిజంగా చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్ళలాగే ఉంది. ఒకడు తెల్లవాడు, ఒకడు నల్లవాడు అన్నదాని మీద ఉపన్యాసం ఒక్కటి లేదు. అది కూడా దర్శకుడి పనితనమే.

కథ రాసినవాళ్ళు ఆ స్నేహాన్ని పరీక్ష పెట్టలేదు. అక్కడ నైట్రో మాటే నా మాట.

బీటెక్_బుల్లెట్ (తాంబరం)

అన్నా, ఇదంతా ఎందుకు, మూడో భాగం టోక్యో డ్రిఫ్ట్ చూడండి. సిరీస్‌లో బెస్ట్ అదే. అందులో హాన్ పాత్ర ఒక్కటి చాలు.

నెల్లూరు_నైట్రో

బుల్లెట్ తమ్ముడూ, నా వాదనకి నువ్వే సాక్ష్యం తెచ్చావు. 2006 టోక్యో డ్రిఫ్ట్‌లో పాల్ వాకర్ కూడా లేడు. కొత్త ఊరు, కొత్త కుర్రాడు. అయినా చివరి రేసు నిలబడింది. ఎందుకు? ఎదురుగా డ్రిఫ్ట్‌లో, అంటే వెనక చక్రాలు జార్చి మలుపు తిప్పడంలో, కింగ్ అని పేరు మోసిన తకాషీ ఉన్నాడు. వాడే విలన్, వాడే డ్రైవరు. కొండ మీద ఇరుకు దారి, రెండు కార్లు, ఓడినవాడు ఊరు వదిలిపోవాలి. ఇంకేం కావాలి? మొదట్లో కారు అదుపు చెయ్యలేక గోడలకి గుద్దిన కుర్రాడు చివర్లో అదే విద్యతో గెలుస్తాడు. రేసే కథ అయిపోయింది.

కోడంబాక్కం_క్లాప్

కానీ డబ్బు లెక్క చూస్తే జనం వేరే మాట చెప్పారు. రెండో భాగం ఖర్చు 7.6 కోట్ల డాలర్లు, ప్రపంచం మొత్తం మీద వసూలు 23.6 కోట్లు. మొదటి భాగం 20.7 కోట్ల దగ్గర ఆగింది. మీరిద్దరూ మెచ్చుకుంటున్న టోక్యో డ్రిఫ్ట్ 16 కోట్లు కూడా దాటలేదు. విన్ డీజిల్ లేకుండా మొదటి భాగాన్ని మించి సంపాదించిన సినిమాని ఫ్లాప్ అన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు.

ఓఎంఆర్_ఓపిక

వసూళ్ళతో సినిమా మంచిదని తేలేపనైతే ఈ వేదిక మూసేసి అందరం నిర్మాతల మండలిలో చేరిపోదాం.

సోలవరం_సీనియర్ (పాత చాకలిపేట)

పిల్లలూ, నేను ఈ సినిమా మా మనవడితో చూశాను. నా మాట కథ గురించి కాదు, వేగం గురించి.

సోలవరం రన్‌వే మీద రేసులు జరిగే రోజుల్లో మేం కుర్రాళ్ళం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల మైదానం అది, రెడ్‌హిల్స్ దాటాక మన నెల్లూరు రోడ్డు మీదే. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు రేసులు అక్కడే పెట్టేవారు. సరుగుడు కర్రల అవతల ఎండలో నిలబడి చూసేవాళ్ళం. ఒక విచిత్రం చెప్తాను. రన్‌వే వెడల్పు ఎక్కువ, చుట్టూ ఏమీ లేని మైదానం. కారు తిన్నగా పోతున్నంతసేపూ దాని వేగం కంటికి ఆనేది కాదు. దూరంగా ఏదో బొమ్మ జరిగినట్టు ఉండేది. మలుపు దగ్గర మనిషికి దగ్గరగా వచ్చి, బ్రేకు పడి, వెనక చక్రాలు పక్కకి జారి, రబ్బరు కాలిన వాసన ముక్కుకి తగిలాక గుండె దడదడలాడేది.

ఈ సినిమాలో మయామీ రోడ్లు విశాలం. పట్టపగలు, నీలం ఆకాశం, కొబ్బరిచెట్లు ఎక్కడో దూరంగా. చూడటానికి చాలా అందం. కానీ వెరోన్ డ్రైవర్ల కోసం పెట్టే పోటీలో, హైవే మీద అంతమంది పరిగెడుతుంటే నాకు సోలవరం రన్‌వేనే గుర్తొచ్చింది. లారీల మధ్య దూరినప్పుడే వేగం తెలిసింది. రాత్రి రేసులో అలా కాదు. వీధి ఇరుకు, గోడలు దగ్గర, జనం అంచు మీద నిలబడి ఉన్నారు, దీపాలు అద్దం మీద పాకుతున్నాయి. అందుకే మీ అందరికీ మొదటి రేసు గుర్తుంది, హైవే గుర్తులేదు. టోక్యో సినిమా నేను చూడలేదు గానీ, మీరు చెప్పిన కొండదారి రేసు పనిచేసిందంటే ఇరుకు వల్లే అయ్యుంటుంది.

మిక్సింగ్_రూమ్

పెద్దాయనా, దండం. నేను చప్పుడులో వెతుకుతున్నది మీరు గోడల్లో పట్టుకున్నారు. ఇరుకు వీధిలో ఇంజన్ అరుపు గోడకి తగిలి వెనక్కి వస్తుంది. విశాలమైన హైవేలో ఆ ప్రతిధ్వని ఉండదు, అక్కడ మ్యూజిక్‌తో నింపాలి. డేవిడ్ ఆర్నాల్డ్ అంతటివాడు ఉన్నాడు, జేమ్స్ బాండ్ సినిమాలకి చేసిన మనిషి. అయినా జనానికి గుర్తుండిపోయింది లూడాక్రిస్ పాటే. ఆ పాట పాడిన మనిషే తెర మీద బ్రయన్ స్నేహితుడు తేజ్‌గా కనిపించడం బాగా కుదిరింది.

గిండీ_గేర్

ఎవరూ ఎలుక సీను గురించి రాయలేదేంటి? వెరోన్ భయంకరంగా లేడంటే నేను ఒప్పుకోను. క్లబ్బు గదిలో పోలీసు డిటెక్టివ్‌ని పడుకోబెట్టి, పొట్ట మీద బకెట్ బోర్లించి, లోపల ఎలుకని పెట్టి, పైనుంచి మంటతో వేడి చేయిస్తాడు. వేడికి తట్టుకోలేక ఎలుక ఎటు పోతుంది? కిందకే. నేను అన్నం తింటూ చూశాను, ప్లేటు పక్కన పెట్టేశాను. ఎదురు డ్రైవరు లేకపోతే ఏం, ఎదురు రాక్షసుడు ఉన్నాడు కదా.

నెల్లూరు_నైట్రో

గేర్ బ్రో, సీను భయంకరంగా ఉందని నేనూ ఒప్పుకుంటా. కానీ ఆ భయం కారులోకి రాలేదు. ఆ గదిలో జరిగింది చూశాక బ్రయన్, రోమన్ నడిపే తీరు మారిందా? చెయ్యి వణికిందా, ఒక్క గేరు తప్పిందా? మర్నాడు మళ్ళీ జోకులే. ఎలుక సీను వేరే సినిమా నుంచి ఊడిపడ్డట్టుంది. వెరోన్ అనుచరులు ఇద్దరు చివర్లో చెరో కారులో పక్క సీట్లో కూర్చుంటారు, పని అయ్యాక బ్రయన్, రోమన్‌లని చంపెయ్యమని వెరోన్ ముందే చెప్పేశాడు. ఈ సంగతి మోనికా బ్రయన్‌కి చెప్తుంది కూడా. పక్క సీట్లో మృత్యువుని పెట్టుకుని నడపడం. ఎంత మంచి పరిస్థితి! అక్కడ ఒక్క నిమిషం మౌనంగా కెమెరాని ముఖం మీద ఉంచి ఉంటే నేను ఈ థ్రెడ్ పెట్టేవాణ్ణే కాదు.

ఆ సీటు కాస్తా చివరికి జోకుకి పనికొచ్చింది. రోమన్ బటన్ నొక్కితే పక్కవాడు సీటుతో సహా ఆకాశంలోకి ఎగిరిపోతాడు. బ్రయన్ నొక్కితే పనిచెయ్యదు. నవ్వొచ్చిందా? వచ్చింది.

ఎవో_అక్క

ఈ సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చింది గోడౌన్ సీను. పోలీసులిచ్చిన రెండు కార్లలోనూ జాడ తెలిపే జీపీఎస్ ఉంది. కాబట్టి వాటిలో ఉన్నంతసేపూ వీళ్ళు ఎక్కడికి వెళ్ళినా తెలిసిపోతుంది. వెనక పోలీసు కార్లు, పైన హెలికాప్టరు. ఇద్దరూ తిన్నగా ఒక గోడౌన్‌లోకి దూరి తలుపు వేసేస్తారు. పోలీసులు చుట్టుముట్టి నిలబడతారు. తలుపు తెరుచుకోగానే లోపల నుంచి ఒక్కసారిగా కార్ల మంద. మయామీలో ఉన్న వీధి రేసుల కుర్రాళ్ళందరూ తలో దిక్కుకీ. ఏ కారు వెంట పడాలో పోలీసులకి దిక్కుతోచదు. ఎవోనీ ఎక్లిప్స్‌నీ ఎలాగో పట్టుకుంటే లోపల ఉన్నది తేజ్, సూకీ. బ్రయన్ వాళ్ళు పందెంలో గెలుచుకున్న పాత అమెరికన్ బండ్లు కమారో, ఛాలెంజర్లలో వేరే దారిన వెళ్ళిపోయారు.

ఇది ఎందుకు బాగుందంటే, వీధి రేసుల గుంపు అంతవరకూ అలంకారంగా ఉంది. రంగురంగుల బండ్లు, పాటలు, చీర్లు. ఇక్కడ మొదటిసారి ఆ గుంపు ఒక పని చేసింది. గ్యారేజీ పెట్టుకున్న తేజ్‌కి ఊళ్ళో ఎంత పలుకుబడి ఉందో ఒక్క తలుపు తెరిచి చూపించారు. స్నేహితుడి కోసం అంతమంది బండ్లు తీసుకొచ్చారంటే, ఈ సిరీస్ తర్వాత్తర్వాత ఊరూరా చెప్పుకున్న "కుటుంబం" ఇక్కడ నోరెత్తకుండానే ఉంది.

పుదుపేట_పానా

అక్క చెప్పిన దాంట్లో ఇంకోటి కలుపుతాను. కార్లు మారడంలో కూడా లెక్క ఉంది. సినిమా అంతా జపాన్ బండ్లు, కంప్యూటర్లు, స్టిక్కర్లు. చివరికి వాళ్ళని కాపాడింది 1969 కమారో, 1970 ఛాలెంజర్. వాటిలో పోలీసులు మీట నొక్కి పట్టుకునే జాడ ఏదీ లేదు. పెద్ద వీ8 ఇంజను, పెట్రోలు, ఇనుము, అంతే. పానా తెలిసినవాడికి పాత బండే నమ్మకం. అయితే ఆ కమారోని పడవ మీదకి దూకించి నాశనం చేశారు చూడండి, అక్కడ నాకు కడుపు మండింది. అది యెంకో అనే అమెరికా డీలరు పెద్ద ఇంజను పెట్టి అమ్మిన రకం, యెంకో కమారోలు ఎంత అరుదో తెలిసినవాళ్ళకే ఆ బాధ.

బీటెక్_బుల్లెట్

అన్నా, ఈసీఆర్‌లో (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) శనివారం రాత్రి బైక్ రేసు జరుగుతుంది కదా, ఎవరైనా వెళ్ళారా? ముట్టుకాడు దగ్గర అంటున్నారు. లొకేషన్ ఉంటే పెట్టండి.

మోడరేటర్

లొకేషన్లు ఇక్కడ పెట్టకూడదు. పెట్టిన పోస్టు తీసేస్తాం. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద రేసు పెట్టినా, పాల్గొన్నా మొదటిసారి మూడు నెలలదాకా జైలు, లేదా 5000 రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే ఏడాది, 10,000. బండి స్టేషన్లో ఉంటుంది, ఇంట్లోవాళ్ళు వచ్చి మాట్లాడాలి. నడపాలన్న కోరిక ఉంటే ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, హెల్మెట్ వేసుకుని అక్కడికి వెళ్ళండి. వీధి రేసే చూడాలంటే 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1న ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల దారి మూసి ఫార్ములా 4 కార్లతో రాత్రి రేసు పెట్టారు, వీడియోలు దొరుకుతాయి. చర్చ సినిమా మీద నడవనివ్వండి.

సోలవరం_సీనియర్

ఆ ఐలాండ్ గ్రౌండ్స్ రేసుకి మనవడు తీసుకెళ్ళాడు. మౌంట్ రోడ్డు మీద, నేపియర్ వంతెన మీద ఆ కార్లు పోతుంటే నేను పైన చెప్పిన ఇరుకు సంగతే. కంచెకి పక్కగా వెళ్తున్నప్పుడు చప్పుడు చెవిలో కాదు, ఛాతీలో వినిపించింది.

గిండీ_గేర్

ఒక సందేహం. బ్రయన్ లాస్ ఏంజెలిస్‌లో పోలీసు, డొమినిక్‌ని వదిలేసి పారిపోయాడు సరే. మయామీ ఎలా చేరాడు, స్కైలైన్ ఎక్కడిది? సినిమాలో చెప్పనే లేదే.

కోడంబాక్కం_క్లాప్

దానికి ఆరు నిమిషాల చిన్న సినిమా వేరే తీశారు. టర్బో చార్జ్‌డ్ ప్రిల్యూడ్ అని. మొదటి భాగం డీవీడీని మళ్ళీ వదిలినప్పుడు దాంట్లో పెట్టారు. పోలీసులు వెతుకుతుంటే బ్రయన్ ఊరూరా తిరుగుతూ, రేసులు గెలిచి డబ్బు కూడబెట్టి, స్కైలైన్ కొనుక్కుని మయామీ చేరడం. మాటలు దాదాపు లేవు. చూస్తే ఆశ్చర్యపోతారు, అసలు సినిమాలో లేని ఒంటరితనం అందులో ఉంది. వెనక్కి తిరిగి చూసుకుంటూ బతికేవాడి ముఖం. ఆ ముఖంతో రెండో భాగం మొదలుపెట్టాల్సింది పోయి దాన్ని డీవీడీ మూలలో పడేశారు. నా దృష్టిలో ఇది ఎదురు డ్రైవరు లేకపోవడం కంటే పెద్ద పొరపాటు. నైట్రో, దీనికేమంటావు?

నెల్లూరు_నైట్రో

నిజమే, కానీ ఆ ముఖం పెట్టినా క్లైమాక్స్‌లో దాటడానికి మనిషి కావాలి కదా క్లాప్ అన్నా. పరారీలో ఉన్న బ్రయన్‌కి ఎదురుగా వెరోన్ తరఫున ఒక గట్టి డ్రైవరు, అదీ బ్రయన్ మీద అనుమానం ఉన్నవాడు ఉంటే? ప్రతి డెలివరీలో పక్కన కారులో వాడు. వేగం తగ్గిస్తే అనుమానం, పెంచితే ప్రమాదం. అప్పుడు మీ ముఖం, నా రేసు రెండూ ఒకే షాట్‌లో దొరికేవి.

ఇక నిలబడిన వాటిలో ఒకటి మాత్రం ఎవరూ కాదనలేరు. రోమన్, తేజ్ ఇద్దరూ ఈ సినిమాలోనే పుట్టారు. 2011లో ఐదో భాగం రియోలో దోపిడీ చెయ్యాల్సివచ్చినప్పుడు డొమినిక్, బ్రయన్ కలిసి పిలిచింది వీళ్ళనే. ఐదో భాగం చివర్లో మోనికా కూడా ఫైలు పట్టుకుని వస్తుంది. జనం తీసిపారేసిన సినిమా నుంచే సిరీస్ మనుషుల్ని అప్పు తెచ్చుకుంది, ఇప్పటికీ వాడుకుంటోంది.

ఎవో_అక్క

సూకీని తప్ప.

బీటెక్_బుల్లెట్

సారీ మోడరేటర్ గారూ, ఇంక లొకేషన్లు అడగను. పానా అన్నా, ఒక్క టెక్నికల్ డౌట్. నా పల్సర్‌కి నైట్రస్ పెట్టించొచ్చా?

పుదుపేట_పానా

పెట్టించొచ్చు తమ్ముడూ. వారం తర్వాత ఆ ఇంజను ముక్కలుగా మా షాపు ముందు వేలాడుతూ ఉంటుంది, రేటు మాట్లాడుకుందాం.